పొట్టికాలి పీట

వర్క్‌షాపు, మేడమీద సూపరింటెండెంట్ గది
జూన్ 6

ఒరే తమ్ముడూ,

ఉత్తరం మొదట్లో 'ఇక్కడ అంతా క్షేమం' అని రాయాలంటారు. అబద్ధంతో మొదలుపెట్టడం ఇష్టంలేక ఆ వాక్యం వదిలేస్తున్నాను. నీకు ఏడుసార్లు ఫోన్ చేశాను. ఏడుసార్లూ స్విచాఫ్. డిపో మేనేజరు ఫోనే నోరు మూసుకుంటే బస్సులు ఎవర్ని అడిగి కదులుతున్నాయో మరి! చిన్నప్పుడు పళ్ళేన్ని స్టీరింగులా తిప్పుకుంటూ, నోటితో హారన్ కొట్టుకుంటూ ఇల్లంతా తిరిగేవాడివి. అందుకే నీకు హారన్ అని పేరు పెట్టాను. ఇప్పుడు ఆ హారన్ మోగడం లేదు. చివరికి ఇలా కాగితం పట్టుకున్నాను.

నేను ఈ కుర్చీలోకి వచ్చి నాలుగు నెలలైంది. ఇరవై రెండేళ్ళు కింద హాల్లో బల్ల దగ్గర నిలబడి పెట్టుడు కాళ్ళు చేసినదాన్ని. అప్పుడు నా చుట్టూ పదకొండు మంది. రోజంతా ఆకురాళ్ళ చప్పుడు, దానిమీద మా కబుర్లు, ఒకళ్ళమీద ఒకళ్ళ వెటకారాలు. ఇప్పుడు నేను మెట్లు దిగుతుంటే మూడో మెట్టు కిర్రుమంటుంది. ఆ చప్పుడు వినగానే కింద నవ్వులు ఆగిపోతాయి. ఆ మెట్టు బాగుచేయించమని రెండుసార్లు చెప్పాను. చేయించలేదు. వాళ్ళకి పనికొచ్చే మెట్టు అది.

పైన ఒక బల్ల, ఒక బీరువా, నేను. టీ పైకొచ్చేసరికి మీగడ కట్టేస్తుంది.

నువ్వు మేనేజరైన కొత్తలో నాకో మాట చెప్పావు. 'అక్కా, నీ కళ్ళతో చూడనిదేదీ గేటు దాటకూడదు' అన్నావు. నేను దాన్ని తు.చ. తప్పకుండా పాటిస్తున్నాను. రోజుకి ఆరో ఏడో కాళ్ళు తయారవుతాయి. అన్నీ పైకి తెప్పించుకుంటాను. తెగిపోగా మిగిలిన కాలిని దూర్చే భాగాన్ని మేం గిన్నె అంటాం. మోకాలి వెనక ఆ గిన్నె అంచు ఎంత ఉండాలో అంతే ఉండాలి. వీళ్ళు ఎప్పుడూ స్కేలు మీద రెండు గీతలు ఎక్కువే వదులుతారు. అందరూ వెళ్ళిపోయాక నేనొక్కదాన్నే కూర్చుని ఒక్కో అంచూ ఆకురాయితో రాసి సరిచేస్తాను. తర్వాత నంబరు చీటీ మీద సంతకం పెట్టి గిన్నె లోపల అంటిస్తాను. వాళ్ళతో ఏమీ అనను. చెప్పి చేయించుకోవడం కంటే చేసుకోవడమే తేలిక.

నాకు ముందున్న పెద్దాయన ఇవేమీ పట్టించుకునేవాడు కాదు. రోజూ పొద్దున గంటసేపు కింద ఫిట్టింగ్ గదిలో ఒక చిన్న పీట మీద కూర్చుని, వచ్చినవాళ్ళకి తనే కాలు తొడిగేవాడు. కుర్చీలో వాళ్ళు, కింద పీట మీద ఈయన. ఫైళ్ళంటే బద్ధకమై అలా కాలక్షేపం చేస్తున్నాడని మేం చాటుగా నవ్వుకునేవాళ్ళం. ఆ పీటకి నాలుగు కాళ్ళలో ఒకటి పొట్టి. కూర్చుంటే టకటకా ఊగుతుంది. ఊరందరికీ కాళ్ళు చేసిపెట్టేచోట పీటకి కాలు పొట్టి, చూడు మా వైభోగం! నాకు మాత్రం పీటల మీద కూర్చునే తీరిక లేదు.

కుడి మణికట్టు నొప్పి పుడుతోంది. ఇంటికి వెళితే నేనూ, గోడ గడియారమూ. నీ కింద రెండు వందల బస్సులు, ఎనిమిది వందల మంది. నువ్వెలా మోస్తున్నావురా? కాస్త చెప్పు.

నీ అక్క


డిపో, మేనేజరు గది
జూన్ 15

అక్కకు నమస్కారాలు.

ఫోను పాడైంది. బాగుచేయించే తీరిక లేదు. ఉత్తరాలే రాయి, హాయిగా ఉంటుంది.

నువ్వు చేస్తున్నది సరైన పనే. మెట్టు కిర్రుమనగానే నవ్వులు ఆగుతున్నాయంటే భయం ఉన్నట్టు. భయం లేనిచోట పని ఉండదు. పెద్దాయన కథ నాకు చెప్పకు. మంచివాడు అనిపించుకోవాలనుకునేవాడు పీట మీద కూర్చుంటాడు, పని జరగాలనుకునేవాడు కుర్చీలో కూర్చుంటాడు. కుర్చీ ఎత్తు పెరిగేకొద్దీ పక్కన చోటు తగ్గుతుంది, అది అందరికీ ఉన్నదే. 'నాకెవరూ లేరు' అనుకోకు. 'నాకెవరూ అక్కర్లేదు' అనుకో. నేనలాగే అనుకుంటాను. మొదట్లో కష్టం, తర్వాత అలవాటైపోతుంది.

మణికట్టుకి వేడినీళ్ళు పెట్టు. బరువులెత్తకు.

ఇక్కడ వానలు మొదలయ్యాయి. ఇవాళ ఒక్కరోజే పధ్నాలుగు గొడుగులు వచ్చాయి. చేతిలో ఉన్న గొడుగుని జనం ఎలా మర్చిపోతారో నాకు అర్థం కాదు. వాన ఆగగానే మర్చిపోతారనుకుంటాను.

నీ తమ్ముడు


ఇల్లు, మంచం
జూలై 2

తమ్ముడూ,

అక్షరాలు వంకరగా ఉంటే నవ్వకు, పడుకుని రాస్తున్నాను. గురువారం మెట్ల మీద కళ్ళు తిరిగి పడిపోయాను. సరిగ్గా ఆ మూడో మెట్టు దగ్గరే. మూడు వారాలు మంచం దిగొద్దన్నాడు డాక్టరు. ఒంట్లో రక్తం లేదట, కంటికి నిద్ర లేదట, మణికట్టు నరం నలిగిందట. "మీ బదులు చూసుకునేవాళ్ళు ఎవరూ లేరా?" అని అడిగాడు. లేరన్నాను. "ఇందాక పదకొండు మంది ఉన్నారన్నారుగా?" అన్నాడు. డాక్టర్లకి లెక్కలెందుకో!

నేను పడిపోయిన రోజున ఆరుగురు కలిసి మోసుకొచ్చి బండి ఎక్కించారట. నాకు తెలివి లేదు గనక దగ్గరికి వచ్చారు. తెలివి వచ్చాక ఒక్కరూ రాలేదు.

ఒక్కరు మాత్రం వచ్చారులే, పెద్దమేస్త్రీ. నేనే రమ్మన్నాను. ముప్ఫై ఒక్కేళ్ళుగా అక్కడ పనిచేస్తున్న మనిషి. నాకు ఆకురాయి పట్టడం నేర్పింది ఆయనే. పని ఆగకూడదు కదా, అందుకని ఖాళీ చీటీలు ఇంటికి తెప్పించుకున్నాను. మంచంలోనే నూట పాతిక సంతకాలు పెట్టి ఇచ్చాను. కాళ్ళు వాళ్ళు చేస్తారు, చీటీలు అంటిస్తారు. ఏదైనా వదులుకుంటాను గానీ సంతకం ఇంకొకరి చేతిలో పెట్టలేను. ఆయన కూర్చోమన్నా కూర్చోలేదు. గుమ్మంలోనే నిలబడి ఏదో అడగబోయి ఆగిపోయాడు. ఏమిటని నేనూ అడగలేదు. ఆయన వెళ్ళాక, అడిగుంటే ఇంకో ఐదు నిమిషాలు ఉండేవాడు కదా అనిపించింది.

ఇంకో మాట. నీ ఉత్తరం తిప్పి చూస్తే వెనక ఏదో ఫారం అచ్చువేసి ఉంది. 'వస్తువు. రంగు. పోయిన చోటు. గుర్తులు. అందుకున్నవారి సంతకం.' అంత పెద్ద డిపో మేనేజరుకి ఒక తెల్లకాగితం దొరకలేదా? పైగా గొడుగులు లెక్కపెట్టుకుంటూ కూర్చోవడం ఏమిట్రా? ఒకసారి రా. చూసి రెండేళ్ళయింది.

అక్క


డిపో
జూలై 13

అక్కా,

నువ్వు పడ్డావని చదివి రెండు రోజులు తిండి సయించలేదు. రావాలని ఉంది, రాలేను. కారణం తర్వాత చెప్తాను. కాగితం సంగతి వదిలెయ్, పొదుపు అనుకో.

ఒకటి అడుగుతాను, ఎందుకని అడక్కు. గిన్నె అంచు మోకాలి వెనక ఎక్కువైతే ఏమవుతుంది? మనిషి ఆ కాలు వద్దనుకునేంత బాధ ఉంటుందా?

పూర్తిగా తగ్గేదాకా పనిలోకి పోకు.

తమ్ముడు


వర్క్‌షాపు, మేడమీద గది
జూలై 28

తమ్ముడూ,

నీ ప్రశ్నకి ముందు జవాబు చెప్తాను. అంచు రెండు గీతలు ఎక్కువైతే నిలబడినప్పుడు తెలియదు. మోకాలు వంచి కూర్చుంటే తెలుస్తుంది. గంట కూర్చుంటే ఒరుసుకుంటుంది. మూడు గంటలు కూర్చుంటే తోలు లేచి పుండు పడుతుంది. బస్సులో దూరం పోయేవాళ్ళకి నరకం. నీకెందుకో ఈ ఆరా!

నేను పనిలోకి వచ్చిన రోజునే ఇద్దరు తిరిగొచ్చారు, పుండ్లతో. ఒకామె వరండాలో కాలు విప్పి ఒళ్ళో పెట్టుకుని ఏడుస్తోంది. కొలిచి చూస్తే అంచు రెండు గీతలు ఎక్కువ. లోపల నా సంతకం. నేను పెట్టిన సంతకం మనిషిని కోసిందిరా! నేను లేని మూడు వారాల్లో ఎవరూ అంచు ముట్టుకోలేదు. పదకొండు మందిలో ఒక్కరికీ పట్టలేదు. అసలే ఒంట్లో బాగోలేదు, గోరుచుట్టు మీద రోకటిపోటు అంటే ఇదే.

పెద్దమేస్త్రీ మీద ఫిర్యాదు రాశాను. అది పైవాళ్ళకి చేరితే ఆయన ఉద్యోగం పోతుంది. పోనీ. నేర్పినవాడే ఇలా చేస్తే ఇంకెవర్ని నమ్మను? ఇంకో కాగితం కూడా రాశాను, నా రాజీనామా. రెండూ సొరుగులో పక్కపక్కనే ఉన్నాయి. పదిహేనో తారీఖున ఒకటి పంపుతాను, బహుశా రెండూ.

నాకిక చేతకాదు. ఇవాళ పొద్దున ఒక చెప్పు వేసుకుని, రెండోది వేసుకోవడానికి అరగంట పట్టింది. చెప్పు ఎదురుగానే ఉంది. వంగలేక కాదు. ఎందుకు వేసుకోవాలో తోచలేదు. పనిలో పడితే సర్దుకుంటుందనుకున్నాను. సర్దుకోలేదు. ఎవరితో అనగలను ఇది? నువ్వు తప్ప నాకెవరున్నారు?

మళ్ళీ అదే అడుగుతున్నాను. నువ్వెలా మోస్తున్నావురా?

అక్క


డిపో, రెండో గేటు పక్కన, పోయిన సామాన్ల కౌంటర్
ఆగస్టు 2

అక్కా,

పైన రాసిన చిరునామా ఇంకోసారి చదువు. అదే నిజం.

నేను మోయడం లేదు. దించేసి ఎనిమిది నెలలైంది. ఒకరోజు పొద్దున డిపో మధ్యలో నిలబడ్డాను. నలభై బస్సులు ఇంజన్లు వేసుకుని సిద్ధంగా ఉన్నాయి. మొదట ఏది వదలాలో గుర్తురాలేదు. పదేళ్ళుగా రోజూ చెప్పేదే. డ్రైవర్లందరూ నా వైపే చూస్తున్నారు. ఒక్కరూ కదల్లేదు. ఎలా కదులుతారు? నేను చెప్పనిదే ఒక్క చక్రం తిరగకూడదని వాళ్ళకి నేర్పింది నేనే. ఇరవై నిమిషాలు అలా నిలబడ్డాను. తర్వాత దగ్గర్లో ఉన్న బస్సెక్కి ఆఖరి సీట్లో కూర్చుని, అది ఎక్కడికి పోతే అక్కడికి పోయాను. సాయంత్రం దిగేటప్పుడు ఫోను ఆ సీట్లోనే వదిలేశాను. మర్చిపోలేదు, వదిలేశాను.

మేనేజరు పని వద్దని రాసిచ్చి, ఈ కౌంటరు అడిగాను. జాలిపడి ఇచ్చారు. నా ఫోను కూడా ఇక్కడికే వచ్చింది. నా వెనక అరలో గొడుగుల పక్కన ఉంది. తీసుకోవాలంటే ఫారం మీద సంతకం పెట్టాలి. పెట్టలేదు. మూడు నెలలు దాటినవి వేలానికి పంపాలి. దాన్నీ పంపలేదు.

నువ్వు కనబడ్డవాళ్ళందరికీ 'మా తమ్ముడు డిపో మేనేజరు' అని చెప్పుకుంటావు. ఆ మాట నీ నోట్లోంచి తీసెయ్యడానికి మనసొప్పలేదు. నిజం చెప్పాలంటే, సిగ్గేసింది. మేనేజరు గది అని చిరునామా రాసి, నీకు నీతులు కూడా చెప్పాను.

ఇప్పుడు అసలు సంగతి. జూలై పదిన ఒక కండక్టరమ్మ గోనెసంచి తెచ్చి నా బల్ల మీద పెట్టింది. విప్పితే కాలు. లోపల చీటీ, మీ వర్క్‌షాపు ముద్ర, నీ సంతకం. ఉత్తరాల కింద చిన్నప్పట్నుంచీ చూస్తున్న సంతకం, నాకు తెలియదా? నీకు చెప్పాలంటే నేనెక్కడ కూర్చున్నానో చెప్పాలి. అందుకని మూడు వారాలు దాన్ని బల్ల కింద దాచాను. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగినట్టు, నీకో దొంగప్రశ్న రాశాను. నేను అప్పుడే నోరు విప్పుంటే మిగతావాళ్ళకి ఆ పుండ్లు పడేవి కావేమో.

నీ జవాబు వచ్చిన రోజే కాలు పట్టుకుని బయల్దేరాను. ఆ మనిషి ఎక్కడ దిగాడో కండక్టరమ్మకి గుర్తుంది. గోడలకి రంగులేసే ఆయన. నిచ్చెన ఎక్కితేనే బతుకు. గుమ్మంలో ఊతకర్ర ఆనించి కూర్చుని ఉన్నాడు.

"మీది బస్సులో పోయింది, తెచ్చాను" అన్నాను.

"పోలేదు సార్, వదిలేశా" అన్నాడు.

మోకాలి వెనక చూపించాడు. ఎలా ఉందో నీకు రాయను, నీకే తెలుసు. "చేసినవాళ్ళని అననండీ. కొలతలు తీసుకున్నారు, అచ్చు తీశారు, బాగానే మాట్లాడారు. కానీ కూర్చోబెట్టి, ఎలా ఉందయ్యా అని అడిగినవాళ్ళు లేరు. పైన మేడమ్ చూస్తారులే అన్నారు. మేడమ్ కాలుని చూశారేమో. నన్ను చూడలేదు" అన్నాడు.

అక్కా, 'నీ కళ్ళతో చూడనిదేదీ గేటు దాటకూడదు' అన్నాను కదా. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. అది నన్ను తినేసింది, ఇప్పుడు నిన్ను తింటోంది. ఆ ఫిర్యాదు పంపేముందు పెద్దమేస్త్రీని ఒక్క మాట అడుగు, ఆ రెండు గీతలు ఎందుకు వదిలారని. నిలదీయకు, అడుగు.

రాజీనామా గురించి చెప్పే అర్హత నాకు లేదు. కాకపోతే, కుర్చీ దిగి నేనేదో వినయవంతుణ్ణి అయిపోయాననుకోకు. ఇది దాక్కోవడం. కౌంటరుకి చిన్న కిటికీ ఉంటుంది, అందులోంచి చేతులే కనబడతాయి. ముఖం చూడాలంటే వంగాలి. ఈమధ్యే వంగుతున్నాను. పోయిన గొడుగు దొరికిన ముసలామె ముఖం ఎలా వెలుగుతుందో చూశావా? రెండు వందల బస్సులు నడిపిన పదేళ్ళలో అలాంటి ముఖం ఒక్కటీ చూడలేదు నేను.

ఆయన మళ్ళీ మీ దగ్గరికి రానన్నాడు. బతిమాలి ఒప్పించాను. పుండు మానాక, పద్దెనిమిదిన వస్తాడు.

తమ్ముడు


ఇల్లు
ఆగస్టు 6

ఎనిమిది నెలలు!

నువ్వు మోస్తున్నావనుకుని, నిన్ను చూసుకుని నేను మోశాను. ఎవరికి రాస్తున్నాననుకుని రాశాను ఇన్ని ఉత్తరాలూ? ఇప్పుడు ఇంకేమీ రాయలేను.


వర్క్‌షాపు, మేడమీద గది
ఆగస్టు 9

తమ్ముడూ,

కోపం తగ్గి రాస్తున్నాననుకోకు. తగ్గలేదు. అయినా చెప్పుకోవడానికి నువ్వు తప్ప దిక్కులేదు.

నిన్న పెద్దమేస్త్రీని పైకి పిలిపించలేదు. నేనే దిగాను. మూడో మెట్టు కిర్రుమంది, హాలంతా నిశ్శబ్దం. ఆయన బల్ల దగ్గర నిలబడి, "అంచు రెండు గీతలు ఎందుకు వదులుతున్నారు?" అని అడిగాను.

ఆయన చాలాసేపు ఆకురాయి తుడుచుకున్నాడు.

"మీరు ఆకురాయితో రాస్తారు కదమ్మా" అన్నాడు. "మొదటి నెల సరిగ్గానే చేసి పంపాం. మర్నాడు చూస్తే మీరు ఇంకో రెండు గీతలు తీసేసి ఉన్నారు. అంచు మరీ దిగిపోయి పట్టు ఉండేది కాదు. మీరు ఎలాగూ రాస్తారు, రాయడానికి కాస్త ఉంచుదామని అందరం అనుకున్నాం. అలా అలవాటైపోయింది."

"నేను మంచాన పడ్డప్పుడైనా మీరు తీసేయొచ్చుగా?"

"అదే అడుగుదామని మీ ఇంటికొచ్చా. మీరు సంతకం పెట్టిన చీటీలు చేతిలో పెట్టారు. పైవాళ్ళ సంతకం అయ్యాక మనం ముట్టుకుంటే తప్పేమోనని ఊరుకున్నా. నాదే తప్పు."

అర్థమైందా? నాలుగు నెలలు మణికట్టు అరిగిపోయేలా నేను దిద్దింది నా తప్పునే. మొదటి నెల వాళ్ళ అంచులు సరిగ్గానే ఉన్నాయి. నా చేతిని తప్ప ఇంకొకరి చేతిని నమ్మలేక, బాగున్నవాటిని చెడగొట్టాను. కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందంటారు. నాది ఎవరెవరి కాళ్ళ మీద పడిందో చూడు.

"ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదు?" అన్నాను.

"మీరు అడగలేదమ్మా. ఆ మెట్టు చప్పుడైతే మాకు నోరు పెగలదు" అన్నాడు.

పైకొచ్చి ఫిర్యాదు చింపేశాను. ఆయన ఎదురుగా చింపాల్సింది, అంత ధైర్యం రాలేదు. నేను మంచంలో సంతకం పెట్టిన చీటీలున్న మిగతా కాళ్ళన్నిటినీ వెనక్కి రప్పించమన్నాను. రాజీనామా ఇంకా సొరుగులోనే ఉంది. ఇప్పుడు దాన్ని పంపడానికి కారణం ఇంకా బలంగా కనిపిస్తోంది.

అక్క


వర్క్‌షాపు, కింద ఫిట్టింగ్ గది
ఆగస్టు 22

ఒరే హారన్,

నువ్వు పంపిన రంగులాయన వచ్చాడు. కొత్తగా అచ్చు తీయాలి. నేనే పీట లాక్కుని కూర్చున్నాను. పీట టకామంది, నేను పక్కకి ఒరిగాను. "మెల్లిగా అమ్మా, పడతారు" అన్నాడు ఆయన. ఒంటికాలి మనిషి నన్ను పడిపోకుండా పట్టుకున్నాడు.

పని చేస్తుంటే కబుర్లు మొదలుపెట్టాడు. తెలుపులోనే పద్దెనిమిది రకాలున్నాయట. జనానికి ఒకటే కనిపిస్తుందట. తర్వాత గొంతు తగ్గించి, "ఇదివరకు ఇక్కడ ఒక పెద్దాయన మీలాగే కింద కూర్చునేవారటగా. ఇప్పుడొచ్చిన మేడమ్ మేడ దిగదట" అన్నాడు. పక్కన పెద్దమేస్త్రీకి దగ్గొచ్చింది.

"ఆ మేడమ్‌ని నేనే" అన్నాను.

"అయ్యో, లేవండమ్మా!" అని కాలు లాక్కోబోయాడు. "కదలకండి, అచ్చు చెడిపోతుంది" అని గట్టిగా పట్టుకున్నాను. మిమ్మల్ని చూడకుండా సంతకం పెట్టాను, తప్పు నాది, అని చెప్పాను. ఆయన మళ్ళీ కుర్చీలో సర్దుకుని, "ఇప్పుడు చూస్తున్నారుగా" అన్నాడు. తల ఎత్తలేకపోయాను. అచ్చు మీద కళ్ళనీళ్ళు పడితే పాడైపోతుందా అని ఆలోచించాను, పాడవదు.

పీట మీద కూర్చుంటే ఎదుటి మనిషి ముఖం మనకంటే పైన ఉంటుంది. నొప్పి ముందు కనుబొమల్లో తెలుస్తుంది, నోట్లోకి తర్వాత వస్తుంది. ఇది నాకు ఇరవై రెండేళ్ళుగా తెలిసిన సంగతే. కుర్చీలోకి వెళ్ళిన ఆరు నెలల్లో మర్చిపోయాను. పెద్దాయన బద్ధకంతో కూర్చోలేదురా. ఆ గంట లేకపోతే మిగతా రోజు మోయలేడు, అదీ సంగతి. ఎవరి కోసం మోస్తున్నామో కనబడకపోతే బరువొక్కటే మిగులుతుంది.

ఇప్పుడు రోజూ పొద్దున గంట నేనిక్కడే. చీటీ మీద కాలు చేసినవాళ్ళ సంతకం ఉంటుంది. ఆ మనిషి అరగంట మోకాలు వంచి కూర్చుని లేచాక, దాని కింద నాది. అంతా చక్కబడిందనుకోకు. నవ్వులు ఇంకా ఆగుతున్నాయి, కాకపోతే కాస్త ఆలస్యంగా. ఇద్దరు నాతో ముభావంగానే ఉన్నారు. మొన్న చెయ్యి ఊరుకోక ఒక అంచు దొంగచాటుగా రాస్తుంటే పెద్దమేస్త్రీ పట్టుకున్నాడు. ఆకురాయి నా చేతిలోంచి తీసుకుని, తన సొరుగులో పెట్టి తాళం వేసుకున్నాడు!

ఐదింటికి ఇంటికి వెళుతున్నాను. నిద్ర పడుతోంది. ఇల్లు మాత్రం అలాగే ఉంది, నేనూ గడియారమూ. అలసటా ఒంటరితనమూ ఒకటే అనుకున్నాను ఇన్నాళ్ళూ. అలసట తగ్గాక రెండోది ఇంకా స్పష్టంగా కనబడుతోంది.

పీట ఊగుతోందని పెద్దమేస్త్రీ కొత్త కాలు వేస్తానన్నాడు. వద్దన్నాను. సొరుగులోంచి రాజీనామా తెచ్చి, నాలుగు మడతలు పెట్టి పొట్టికాలి కింద తోశాను. సరిగ్గా సరిపోయింది.

నీ కోపం సంగతి. ఇంకా ఉంది, కానీ దాన్ని కాగితం మీద పెట్టలేను, నీ గొంతు వినాలి. నీ వెనక అరలో ఒక ఫోను ఉందన్నావుగా. వచ్చే నెల మొదటి ఆదివారం పొద్దున పదింటికి చేస్తాను. ఎత్తకపోతే ఎనిమిదోసారి అనుకుంటాను.

అక్క


డిపో, పోయిన సామాన్ల కౌంటర్
ఆగస్టు 29

అక్కా,

నిన్న కిటికీ ముందు రెండు చేతులు కనబడ్డాయి. గోళ్ళ సందుల్లో తెల్లరంగు. వంగి చూశాను. ఆయనే, ఊతకర్ర లేదు. ఆరోజు కాలు ఆయన చేతికిచ్చేటప్పుడు రిజిస్టర్లో సంతకం తీసుకోవడం మర్చిపోయాను. అది గుర్తుపెట్టుకుని, సంతకం కోసమే మూడు గంటలు బస్సులో కూర్చుని వచ్చాడు.

"కోయలేదా?" అన్నాను.

"నిద్రపోయా సార్" అన్నాడు.

"మా అక్క ఎలా ఉంది?"

"కింద కూర్చుని ఉంది సార్" అన్నాడు.

ఆయన వెళ్ళాక ఆ మాట చాలాసేపు నా చెవిలోనే ఉంది.

కొత్త మేనేజరమ్మ ఈమధ్య పొద్దున్నే నా కిటికీ దగ్గరికి వస్తోంది. గొడుగు కోసం కాదు. ఆవిడ ముఖం చూస్తే, మొదట వదలాల్సిన బస్సు ఏదో ఆవిడ కూడా మర్చిపోయే రోజు దగ్గర్లోనే ఉందనిపించింది. "డ్రైవర్లనే అడగండమ్మా, వాళ్ళకి తెలుసు. నేనెప్పుడూ అడగలేదు" అన్నాను. ఇవాళ ఆవిడతోపాటు నేనూ బస్సుల మధ్యకి వెళ్ళాను, దాదాపు తొమ్మిది నెలల తర్వాత. ఒక ముసలి డ్రైవరు టీ గ్లాసు చేతిలో పెట్టి, "ఇన్నాళ్ళూ ఆ కిటికీలోంచి మీ చేతులే చూస్తున్నాం సార్" అన్నాడు. తిరిగి కుర్చీ ఎక్కుతానో లేదో నాకు తెలియదు. అడక్కు.

ఇది కూడా ఫారం వెనకే రాస్తున్నాను, మళ్ళీ తెల్లకాగితం లేదా అని దెప్పకు. ఈసారి ముందువైపు నింపాను, తిప్పి చూడు.

వస్తువు: ఫోను.
రంగు: నలుపు.
పోయిన చోటు: ఆఖరి సీటు.
గుర్తులు: మా అక్క ఏడుసార్లు చేసింది. ఆదివారం పదింటికి మళ్ళీ చేస్తుంది.
అందుకున్నవారి సంతకం: హారన్.